పాస్‌బుక్ మిషన్ వచ్చింది, ముసలమ్మ మాత్రం నా కౌంటర్‌కే వస్తోంది. నేను చేస్తున్నది తప్పా?

రెండో_కౌంటర్ (గజపతి జిల్లా) · ఆదివారం, రాత్రి 9:12

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప ఇక్కడ ఏమీ రాయలేదు, ఇవాళ రాయాలనిపించింది. బ్యాంకులో పనిచేస్తాను. ఊరి పేరు చెప్పను, పర్లాకిమిడికి దగ్గరే అనుకోండి. నాలుగు నెలల కిందట మా బ్రాంచిలో పాస్‌బుక్ ప్రింట్ చేసే మిషన్ పెట్టారు. పుస్తకానికి బార్‌కోడ్ స్టిక్కర్ ఉంటే చాలు, తెరిచి లోపలికి తోస్తే ముద్రించి బయటికి ఇస్తుంది. మంచి మిషనే, దాని మీద నాకేం కోపం లేదు. తలుపు పక్కనే పెట్టారు, గార్డు కుర్చీకి ఎదురుగా.

ఒక ముసలావిడ ఉంది. కొండవార ఊరు. తెలుగే మాట్లాడుతుంది, ఒడియా అర్థమవుతుంది గానీ తిరిగి మాట్లాడలేదు. నెలకి రెండుసార్లు వచ్చి, ఆ మిషన్ పక్కనుంచే నడిచి, లైన్లో నిలబడి, నా దగ్గర పుస్తకం పెట్టి "ఏటి పడ్డాదో సూడమ్మా" అంటుంది. స్క్రీన్ మీద చూసి చెప్తాను. అది నిమిషం పని. ఆ తర్వాత నాలుగు నిమిషాలు మనవడి గురించి చెప్తుంది, కూలికి చెన్నై వెళ్లాడట, ఫోన్ చెయ్యడట. నేను వింటాను. వెనక లైన్ గొణుగుతుంది.

మొన్న మా మేనేజర్ గారు పక్కకి పిలిచి, మిషన్ చేసే పని మీరెందుకు చేస్తున్నారు, మీ లోన్ ఫైళ్లేమో పెండింగ్‌లో ఉన్నాయి అన్నారు. ఆయనన్నది అబద్ధం కాదు. సుభద్ర డబ్బులు (ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల ఖాతాల్లో వేసేవి) పడిన వారమైతే మా లైను రోడ్డు దాకా ఉంటుంది, అప్పుడు ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు మాట్లాడితే సాయంత్రానికి తాళం వెయ్యలేం. కానీ ఆవిడతో "వెళ్లి మిషన్‌లో పెట్టుకో" అని నేను అనలేకపోతున్నాను. పదేళ్ల సర్వీసులో నాకు గుర్తున్నవి ఇలాంటి నాలుగు నిమిషాలే, ఫైళ్లు ఒక్కటీ గుర్తులేవు. మీ పనుల్లో ఇలాంటివి ఉన్నాయా? నాది మరీ సెంటిమెంటా?

---

పట్టు_మగ్గం (బరంపురం) · ఆదివారం, రాత్రి 9:40

తప్పేంటి మేడమ్. మిషన్ ఉన్నది మనకోసం, మనం మిషన్ కోసం కాదు. అంతే.

---

లైన్లో_నిలబడ్డవాడు (గుణుపురం) · ఆదివారం, రాత్రి 10:25

అంతే కాదండీ. ఇలాంటి మాటలు కౌంటర్‌కి లోపలి పక్క కూర్చున్నవాళ్లకి తియ్యగానే ఉంటాయి. బయటి పక్క నిలబడ్డవాడి మాట కూడా వినండి.

మా నాన్న వేలిముద్రగాడు. నాకు పన్నెండేళ్లప్పుడు ఆయనతో బ్యాంకుకి వెళ్లేవాడిని (ఏ బ్యాంకో చెప్పను, ఇప్పుడు ఆ మనుషులూ లేరు). అందరికీ ఇంకు ప్యాడ్ కౌంటర్ మీద ఉండేది. మా నాన్న వంతు వచ్చేసరికి గుమస్తా ఆ ప్యాడ్ తీసి కింద గచ్చు మీద పెట్టేవాడు. నాన్న వంగి వేలు అద్దుకుని, లేచి కాగితం మీద వేసేవాడు. ఏ పేట నుంచి వచ్చామో ఆ గుమస్తాకి బాగా తెలుసు. మనిషికి మనిషి తెలిసి ఉండడం అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

ఏటీఎం నన్ను "ఒరేయ్" అనదు. నా ఇంటిపేరు చూసి మొహం మార్చదు. నాకు మొదటి ఏటీఎం కార్డు వచ్చిన రోజు నాన్నని తీసుకెళ్లి ఆయన చేత్తో బటన్లు నొక్కించాను. ఐదు వందలు బయటికొస్తే ఆయన ఆ మిషన్‌కి దండం పెట్టాడు. నవ్వకండి. ఆ దండం ఎందుకో నాకు తెలుసు.

మీరు మంచివారే కావచ్చు మేడమ్. కానీ మీ మంచితనం మీద ఆధారపడడం కంటే మిషన్ మీద ఆధారపడడమే నాకు నయం. మీకు రేపు ట్రాన్స్‌ఫర్ అవుతుంది.

---

రెండో_కౌంటర్ (గజపతి జిల్లా) · ఆదివారం, రాత్రి 11:03

దీనికి నా దగ్గర జవాబు లేదు. రాసినందుకు దండాలు. రాత్రి నిద్రపట్టేలా లేదు.

---

ఇత్తడి_టోకెన్ (పర్లాకిమిడి, రిటైర్డ్) · సోమవారం, ఉదయం 6:18

అమ్మాయ్, నేనూ బ్యాంకువాడినే, లెడ్జర్లు మోసిన కాలం. గుణుపురం అబ్బాయి రాసింది చదివాక కాఫీ దిగలేదు. అలాంటివి చూశాను, చూసి ఊరుకున్నాను కూడా. అది ముందే చెప్పుకోవాలి.

మా రోజుల్లో ఇత్తడి టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లం. గంటన్నర. పేరు పెట్టి పిలిచేవాళ్లం నిజమే, కానీ మేం పిలిచినప్పుడే. కంప్యూటర్లు వద్దని మేం జెండాలు పట్టుకున్నాం. అంతకుముందు 1960లలో కలకత్తాలో ఎల్‌ఐసీ ఉద్యోగులు కంప్యూటర్‌ని లోపలికి రానివ్వకుండా ఇలాకో హౌస్ దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాశారు, ఆ కథ మాకు పురాణంలా చెప్పేవారు. 1984లో బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, మెల్లగా మిషన్లూ వచ్చాయి. మేం భయపడినట్టు మా ఉద్యోగాలు పోలేదు. భయపడనిది జరిగింది: తలెత్తి ఎదుటివాడి మొహం చూడడం పోయింది. లెడ్జర్ రాసేటప్పుడు తల వంచుకుని, స్క్రీన్ వచ్చాక తల పక్కకి తిప్పుకుని. అంటే ముందు కూడా చూడలేదేమో. ఏమో.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. మన ఊరు ఇలాంటి విషయాల్లో కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర గిరిజనులతో మాట్లాడాలని సవర భాష నేర్చుకున్నారు. మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, పుస్తకం ఎక్కడుంది అప్పటికి? ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. ఐదేళ్లకి 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయింది, ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. కౌంటర్‌లో కూర్చునేవాడికి ఎదుటివాడి మాట రావడం దయ కాదమ్మా, అది పనిలో సగం. మా కాలంలో పోస్టింగ్ వేసేటప్పుడు ఈ లెక్క ఎవరూ చూడలేదు, ఇప్పుడూ చూడరు.

---

ఎంబీఏ_బాబు (రాయగడ) · సోమవారం, ఉదయం 9:05

ఈ టాపిక్ మీద మాకు పాఠమే ఉంది. చికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా ప్రయోగాలు చేశారు. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే చోటు. లైట్లు పెంచితే పని పెరిగింది, తగ్గించినా పెరిగిందట. ఎల్టన్ మేయో లాంటివాళ్లు చెప్పిందేంటంటే లైట్ కాదు, తమని ఎవరో పట్టించుకుంటున్నారన్న భావనే పని పెంచిందని. కాబట్టి హ్యూమన్ టచ్ ఉంటే ప్రొడక్టివిటీ పెరుగుతుంది, మేనేజర్‌కి ఈ పాయింట్ చెప్పండి మేడమ్.

---

కోడు_రాసేవాడు (సొంతూరు రాయగడ, ఉండేది హైదరాబాద్) · సోమవారం, ఉదయం 9:31

తమ్ముడూ, సగం చెప్పి వదిలేశావు. ఆ ఫ్యాక్టరీలో రిలేలు బిగించే గదిలో మొదట ఐదుగురు అమ్మాయిల్ని పెట్టారు, అందులో ఇద్దరిని మధ్యలో మార్చేశారు, కారణం ఏంటో తెలుసా? మాటలు ఎక్కువయ్యాయని. పైగా కూలి లెక్క కూడా మార్చారు, చిన్న గుంపు ఎంత చేస్తే ఆ గుంపుకి అంత. పని పెరిగింది పట్టించుకున్నందుకా, డబ్బుకా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మాట్లాడితే తీసేసిన ప్రయోగాన్ని తెచ్చి మాటలే గొప్ప అని చెప్పడం భలే ఉంది.

మేడమ్, మిషన్లు చేసేవాళ్ల వైపు నుంచి నా మాట. అమెరికాలో ఏటీఎంలు వచ్చినప్పుడు కౌంటర్ ఉద్యోగాలు పోతాయన్నారు. జేమ్స్ బెస్సెన్ అనే ఆయన లెక్క తీశాడు: 1988లో పట్టణాల్లోని బ్రాంచికి సగటున 20 మంది కౌంటర్ ఉద్యోగులు ఉంటే 2004కి 13 అయ్యారు. బ్రాంచి నడపడం చవకైంది కాబట్టి బ్యాంకులు ఇంకా బ్రాంచీలు తెరిచాయి, మొత్తం మీద మనుషులు తగ్గలేదు. డబ్బు లెక్కపెట్టే పని మిషన్‌కి పోయి, మాట్లాడే పని మనిషికి మిగిలింది. అక్కడిదాకా మీకు అనుకూలం. కానీ ఆ తర్వాత ఫోన్ వచ్చింది, జనం బ్రాంచికే రావడం మానేశారు, అక్కడ కౌంటర్ ఉద్యోగాలు నిజంగానే తగ్గాయి. మన దగ్గర చూడండి, యూపీఐ 2016లో మొదలైంది, 2024-25 ఒక్క ఏడాదిలో 18,500 కోట్లకు పైగా లావాదేవీలు. కాబట్టి హాయిగా ఉండొద్దు.

రెండు ప్రశ్నలు. ఆవిడ పుస్తకానికి బార్‌కోడ్ ఉందా? ఆ మిషన్ ఏ భాషలో మాట్లాడుతుంది? ఇంకొకటి, ఒక రోజు గంటసేపు మిషన్ దగ్గర ఏం జరుగుతోందో ఊరికే చూడండి. మేం ఏ కొత్తది పెట్టినా ముందు చేసేది అదే. కుర్చీలోంచి ఊహించుకుంటే అన్నీ తప్పే.

---

గంజాం_సూరత్ (ఊరు ఛత్రపురం దగ్గర) · సోమవారం, మధ్యాహ్నం 1:50

నైట్ షిఫ్ట్ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. సూరత్‌లో మగ్గాల మీద పదిహేడేళ్లు. మా గంజాం జిల్లావాళ్లు ఇక్కడ లక్షల్లో ఉన్నారు, ఒడియావాళ్లు, మనవాళ్లు, అందరూ కలిసే. మగ్గాల షెడ్డుని ఖాతా అంటారు. పాత ఖాతాలో చప్పుడుకి పక్కవాడు అరిచినా వినిపించదు. అందుకని సైగలు. దారం తెగితే ఒక సైగ, సేఠ్ వస్తే ఒకటి, టీకి ఒకటి, ఇంటి దగ్గర బిడ్డ పుట్టిందనడానికి కూడా ఒకటి ఉంది మా దగ్గర. పక్కవాడి పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్లం. పన్నెండు గంటలు. నాలుగేసి మగ్గాలు చూసేవాడిని, పక్కవాడూ అంతే, వాడు పది అడుగుల దూరంలో ఉండేవాడు.

ఇప్పుడు నేనున్నది కొత్త షెడ్డు. మగ్గం దానంతట అదే ఆగుతుంది, లైటు వెలుగుతుంది. ఒక్కడే చాలా మగ్గాలు చూస్తాడు, జీతం కూడా కొంచెం ఎక్కువే. చప్పుడు తగ్గింది. మాట్లాడొచ్చు ఇప్పుడు. మాట్లాడడానికి పక్కన ఎవరూ లేరు.

అంతే, పడుకుంటా. మెస్‌లో ఈ చాప మీదకి సాయంత్రం ఇంకొకడు వస్తాడు.

---

పట్టు_మగ్గం (బరంపురం) · సోమవారం, మధ్యాహ్నం 2:15

అన్నా, చివరి రెండు ముక్కలు చదివి కాసేపు ఊరుకుండిపోయాను. మా ఇంట్లోనూ మగ్గమే గానీ మాది చేతి మగ్గం, పక్కన అమ్మ కండెలు చుడుతూ ఉండేది, నాన్న పేక వేస్తూ తిడుతూ ఉండేవాడు, ఒక చీర అయ్యేసరికి ఊరి సంగతులన్నీ అయిపోయేవి. ఠాకురాణి యాత్ర ఏడాదైతే అమ్మవారు పుట్టింటికి వస్తుందని మా దేరా వీధివాళ్లకి పనే సాగదు, అందరూ మాటలే. నిన్న రాత్రి ఒక్క లైన్ రాసి వెళ్లిపోయాను, అది తొందరపాటు. మాటలు పని పక్కన ఉండేవి కావు, పనిలోనే ఉండేవి. వాటిని విడదీసి లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైందో అప్పుడే పోయాయి.

---

అడ్తి_లెక్కలు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా) · సోమవారం, సాయంత్రం 5:44

మాది మిర్చి. ధర్మాబాద్ మార్కెట్ అంటే తెలంగాణ, మరాఠ్వాడా రెండు దిక్కులా తెలుసు. నేను ఒక అడ్తి దుకాణంలో పద్దు రాస్తా, ఇప్పుడు ట్యాబ్‌లో రాస్తున్నా. కాంటా డిజిటల్ అయింది, తూకం నేరుగా ఫోన్‌కి వస్తుంది. రైతుకి ఇది మంచిదే, గట్టిగా చెప్తున్నా మంచిదే. పాత కాంటాలో ఎంత పోయేదో ఆ దేవుడికి తెలుసు, మా సేఠ్‌కి తెలుసు.

కానీ మిర్చి చూసుడు వేరే పని. బస్తాలో చెయ్యి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీస్తారు. ఒక కాయ విరిచి చప్పుడు వింటారు, తేమ ఎంతుందో ఆ చప్పుడులోనే తెలుస్తది. తాలు ఎంత, తొడిమ పట్టుకుంటే ఊడుతదా లేదా, అన్నీ ఒక్క నిమిషంలో. తేమ చూసే మీటర్ ఉంది, ఎవరూ కాదనరు, కానీ మీటర్ చెప్పిన అంకె మీద రైతూ కొనేవాడూ కొట్లాడుకోరు, ఆ చేతి మీద కొట్లాడుకుంటారు. కొట్లాడుకున్నాకనే బేరం కుదురుతది. కొట్లాట కూడా ఒక పరిచయమే గదా.

పోయిన ఏడు బిలోలి దిక్కు నుంచి ఒక రైతు వచ్చిండు. రేటు మంచిగనే పడింది, పైసలు ఖాతాలో పడ్డయని మెసేజ్ వచ్చింది. ఆయన లేవడు. టీ తాగించినం, అయినా లేవడు. మా ముసలి గుమస్తా అడిగిండు, "ఏందే, ఇంకేమన్న ఉందా?" అని. అప్పుడు చెప్పిండు, కొడుకు ఇల్లు విడిచి పోయిండని, పైసలన్నీ ఎవరి కోసం అని. ఆ రోజు గుమస్తా ఆయన్ని బస్ ఎక్కించి, బస్ కదిలేదాకా ఉండి వచ్చిండు. పద్దులో ఇది ఎక్కడ రాయాలి? సేఠ్ మాత్రం గంట పని పోయిందని అన్నడు.

గుణుపురం అన్న చెప్పింది కూడా నిజమే. మా దగ్గర కూడా ఎవరికి కుర్చీ వేస్తరు, ఎవరికి వెయ్యరు అనేది ఉంది.

---

రోడ్డు_రాయి (చంద్రపూర్ జిల్లా) · సోమవారం, రాత్రి 8:02

ఇదంతా అసలు ప్రభుత్వాల వల్ల, ఆ పార్టీ ఉన్నప్పుడు

[మిగతా పోస్టు తీసేశాం. రాజకీయాలకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఎంతైనా తిట్టుకోండి. – అడ్మిన్]

---

జయపురం_చాట్ (కొరాపుట్ జిల్లా) · సోమవారం, రాత్రి 11:36

నేను ఇంటి నుంచే కస్టమర్ చాట్ పని చేస్తాను, కంపెనీ పేరు వద్దు. మీరంతా మిషన్‌కి ముందున్నారు, నేను వెనకాల ఉన్నాను. ముందు బాట్ మాట్లాడుతుంది. దానితో వేగి వేగి, ఇక తల పగిలిపోయే స్థితికి వచ్చాక మనిషి నా దగ్గరికి వస్తాడు. అంటే మామూలుగా ఉన్నవాళ్లు బాట్‌కి, మండిపోతున్నవాళ్లు నాకు. ఇది ఎవరూ ముందు చెప్పలేదు. పని తగ్గుతుందన్నారు.

నా జవాబులు కూడా అదే రాసి పెడుతుంది, "మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అని. నేను నొక్కాలి. సొంతంగా రాస్తే టైమ్ ఎక్కువవుతుంది. సగటు హ్యాండిల్ టైమ్ అని ఒక అంకె ఉంటుంది, అది దాటితే టీమ్ లీడర్ దగ్గర్నుంచి మెసేజ్. రోజుకి పదిమందైనా అడుగుతారు, నువ్వు మనిషివా మిషన్‌వా అని. "మనిషినే సార్" అంటే నమ్మరు, ఎందుకంటే బాట్ కూడా మర్యాదగానే మాట్లాడుతుంది కదా. మొన్న ఒకాయన అలాగే అడిగితే విసుగొచ్చి, మా ఊళ్లో కరెంట్ పోయింది, కప్పలు అరుస్తున్నాయి, ఇన్వర్టర్ మీద పనిచేస్తున్నా అని రాసేశా. ఆయన ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. ఏ ఊరమ్మా అన్నాడు. తర్వాత సమస్య మూడు నిమిషాల్లో తేలిపోయింది, అసలు సమస్య చిన్నదే. నాకు మాత్రం స్క్రిప్ట్ తప్పినందుకు మార్కులు కట్.

స్వీడన్‌లో క్లార్నా అని ఒక కంపెనీ 2024లో మా బాట్ 700 మంది పని చేస్తోందని గొప్పగా చెప్పుకుంది, 2025లో మళ్లీ మనుషుల్ని తీసుకుంటామంది. అది చదివి మా గ్రూపులో అందరం స్వీట్ ఎమోజీలు పెట్టుకున్నాం. మర్నాడు మళ్లీ అదే షిఫ్ట్.

---

కోడు_రాసేవాడు · మంగళవారం, ఉదయం 8:20

చెల్లెమ్మా, ఆ కప్పల ముక్క భలే. దీనికి తిరగేసిన కథ ఒకటి ఉంది. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడుగుతుంది, అంతకు మించి ఏమీ తెలియదు దానికి. ఆయన సెక్రటరీ అది తయారవుతుంటే కళ్లారా చూసింది. అయినా దానితో మాట్లాడడం మొదలుపెట్టాక, మీరు కాసేపు గది బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. ఆయన జడుసుకున్నాడు, ఆ తర్వాత జీవితమంతా కంప్యూటర్లకి ఏ పని ఇవ్వకూడదో చెప్పుకుంటూ గడిపాడు.

కాబట్టి మిషన్ వినలేదు, మనిషే వినగలడు అని ఊరికే కొట్టెయ్యలేం. వినేవాడు దొరక్కపోతే జనం గోడతోనైనా మాట్లాడతారు. తేడా ఎక్కడంటే విన్నాక ఏదైనా చెయ్యగలగడంలో. మీకు ఆ అధికారం తీసేస్తే, బాట్ రాసింది నొక్కడమే మీ పనైతే, అప్పుడు మీకూ దానికీ తేడా కప్పలే.

---

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా) · మంగళవారం, మధ్యాహ్నం 12:10

భాష గురించి ఎవరూ గట్టిగా అనలేదు కాబట్టి నేనంటాను. నది దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణ. మా జిల్లా కేంద్రమేమో 200 కిలోమీటర్ల దూరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆఫీసులో హిందీ, అడవి ఊళ్లకి వెళ్తే మాడియా. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మరాఠీకి ఒకటి, హిందీకి రెండు, ఇంగ్లిష్‌కి మూడు. రాష్ట్రాన్ని చూసి భాష ఇస్తారు మరి. మా అమ్మ ఏ బటన్ నొక్కాలి?

ఆడవాళ్లకి నెలనెలా డబ్బులిచ్చే లాడ్కీ బహీణ్ పథకం 2024లో వచ్చినప్పుడు మా అక్క, అంగన్వాడీలో చేస్తుంది, వాడకట్టు మొత్తానికి ఫారాలు నింపింది. మనిషి మొహం చూసి ఏ భాషలో మొదలుపెట్టాలో దానికి తెలుసు. ఇప్పుడు దాని ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అని సర్కారు యాప్, పిల్లల తల్లుల మొహం ఫొటో తీసి సరిపోలితేనే సరుకు. నెట్ లేకపోతే తల్లి ఎదురుగా ఉన్నా లేనట్టే. అక్క అంటుంది, "ఈ పిల్ల పుట్టిన రాత్రి నేనే వానలో బండి మాట్లాడి దవాఖానాకి పంపిన, ఈ ఫోన్ నన్ను అడుగుతుంది ఈమె ఎవరో చూపించమని."

ఉపాధి హామీలో కూడా అంతే, 2023 జనవరి నుంచి ఫొటో హాజరు తప్పనిసరి, రోజుకి రెండుసార్లు. పొద్దున గట్టు మీద మట్టి తవ్వినవాళ్లు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే మేట్ (హాజరు వేసే మనిషి) వెనకాలే చూస్తూ నిలబడాలి. దొంగ మస్టర్లు ఆపడానికి పెట్టారు, దొంగ మస్టర్లు ఉండేవి కూడా, ఎవరు కాదంటారు. కానీ దొంగని పట్టే వలలో ముందు పడేది నడవలేనివాళ్లే.

---

లైన్లో_నిలబడ్డవాడు (గుణుపురం) · మంగళవారం, రాత్రి 9:00

అందరూ నన్ను మంచిగానే అర్థం చేసుకున్నారు, సంతోషం. ఒక్కటి సరిచేసుకుంటాను. మిషనే నయం అన్నాను. మొన్న శనివారం నాన్న వేలిముద్ర రేషన్ మిషన్‌లో పడలేదు, అరవై ఏళ్లు రాళ్లు మోసిన వేళ్లు, గీతలు ఎక్కడివి. మూడుసార్లు ప్రయత్నించి డీలర్ పక్కన నిలబెట్టేశాడు. నాన్న నాతో ఏమన్నాడో తెలుసా, "ఆ గుమస్తా అయితే తిట్టి అయినా ఇంకు పూసీవోడు రా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆయనన్నది విన్నాను.

అంచేత నాకు కావలసింది దయగల మనిషి కాదు, దయలేని మిషనూ కాదు. నాకు కావలసింది నేను అడిగితే జవాబు చెప్పి తీరాల్సిన మనిషి. బోర్డు మీద పేరుండాలి, చెప్పకపోతే పైన ఎవరికి చెప్పుకోవాలో రాసి ఉండాలి. మాటలు ఆ తర్వాత.

---

ఇత్తడి_టోకెన్ (పర్లాకిమిడి) · మంగళవారం, రాత్రి 9:22

బాబూ, నా సర్వీసు మొత్తంలో ఇంత సూటిగా చెప్పిన ఆఫీసర్‌ని చూడలేదు.

---

రెండో_కౌంటర్ (గజపతి జిల్లా) · గురువారం, రాత్రి 8:47

కోడు రాసే అన్నగారి మాట విని బుధవారం లంచ్ గంటలో డబ్బా పట్టుకుని తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. చూసింది చూసినట్టు రాస్తాను.

ఆ గంటలో మిషన్ దగ్గరికి పద్నాలుగు మంది వచ్చారు. సొంతంగా పుస్తకం పెట్టుకున్నది ముగ్గురు, ముగ్గురూ కాలేజీ పిల్లలు. మిగతా పదకొండు మందికీ చేసిపెట్టింది మా గార్డు. పేజీ తిప్పి పెట్టాలి, లేదంటే రాసిన చోటే మళ్లీ అచ్చవుతుంది, అది ఆయనకి చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతోంది. బార్‌కోడ్ చిరిగిపోయిన రెండు పుస్తకాలు పక్కన పెట్టి సాయంత్రం నా టేబుల్ మీద పెట్టాడు, రోజూ పెడతాడట, ఇన్నాళ్లూ అవి ఎవరు పెడుతున్నారో కూడా నేను అడగలేదు. సవరవాళ్లు వస్తే సవరలో, మనవాళ్లకి తెలుగు, మిగతావాళ్లకి ఒడియా. మిషన్ తెర మీద ఒడియా, హిందీ, ఇంగ్లిష్ మాత్రమే ఉన్నాయి. పర్లాకిమిడి పెద్దాయన గారు గిడుగు వారి గురించి రాసింది ఆ గంటంతా నా తలలో తిరుగుతూనే ఉంది. సవర మాట్లాడే మనిషి మా తలుపు దగ్గర ఆరేళ్లుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నాకు సవరలో "కూర్చోండి" అనడం కూడా రాదు.

ఇంక ముసలావిడ సంగతి. నిన్న ఆవిడ వచ్చింది. తిన్నగా గార్డు దగ్గరికి వెళ్లింది. పుస్తకం ప్రింట్ చేయించుకుంది, అంకె చెప్పించుకుంది, మడిచి సంచిలో పెట్టుకుంది, అప్పుడు నా లైన్లోకి వచ్చింది! అంటే ప్రతిసారీ ఇదే జరుగుతోంది. నేను మొదటిసారి అడిగాను, "అమ్మా, ఆయన చెప్పాడు కదా, మళ్లీ నన్నెందుకు అడుగుతున్నావు?" అని. ఆవిడ ఏ మాత్రం మొహమాటపడలేదు. "ఇద్దరు ఒకే లెక్క సెప్తే నిజమేనని" అంది. వాళ్ల ఊరి దగ్గర వేలిముద్ర పెట్టించి డబ్బులిచ్చే చోట ఒకసారి సర్వర్ లేదని పంపించేశాడట, ఆ రోజే ఖాతాలోంచి రెండు వేలు పోయాయట. అప్పట్నుంచి ఇద్దరిని అడుగుతుంది. గార్డు మీద ఒక కన్ను నేను, నా మీద ఒక కన్ను గార్డు.

నేనేమో ఆవిడ నా కోసం వస్తోందని కథ అల్లుకున్నాను. ఆవిడ ఆడిట్‌కి వస్తోంది.

---

లైన్లో_నిలబడ్డవాడు · గురువారం, రాత్రి 8:59

హహహ. ఆవిడ కాళ్లకి దండం పెడతాను.

---

జయపురం_చాట్ · గురువారం, రాత్రి 9:10

మరి మనవడి కథ? అది కూడా ఇద్దరికీ చెప్తుందా?

---

రెండో_కౌంటర్ · గురువారం, రాత్రి 9:18

గార్డుని అడిగాను. ఆయనకి చెప్పదట. అది నాకే. సరేనా :)

అసలు రాయాలనుకున్నది వేరే. గార్డు కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. కెమెరాలతో దూరం నుంచి చూసే పద్ధతి పెడతారని వినిపిస్తోంది, చాలా ఏటీఎంల దగ్గర ఇప్పటికే గార్డుల్ని తీసేశారు కదా, అలాగే. కాగితం మీద ఆయన పని కాపలా. కాపలా కెమెరా కాయగలదు, ఆ మాట కాదనలేను. ఆయన చేస్తున్న మిగతా పనికి కాగితం మీద పేరే లేదు కాబట్టి అది పోతే పోయిందని కూడా ఎవరికీ తెలియదు. మేనేజర్ గారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, పైకి రాయండి, నేను సంతకం పెడతాను, కానీ పోస్టు పేరు ఏమని రాస్తారు అన్నారు. నాకు తోచలేదు. మీరు చెప్పండి.

---

ఎంబీఏ_బాబు · గురువారం, రాత్రి 9:30

కస్టమర్ ఎక్స్‌పీరియెన్స్ అసోసియేట్?

---

అడ్తి_లెక్కలు (ధర్మాబాద్) · గురువారం, రాత్రి 9:33

అట్ల రాస్తే డిగ్రీ ఉన్నదా అని అడుగుతరు తమ్మీ. ఆయన్నే తీసేసి ఇంకొకరిని పెడతరు.

---

కోడు_రాసేవాడు · గురువారం, రాత్రి 9:52

పేరు వద్దు, లెక్క రాయండి. గంటలో పద్నాలుగు మంది, అందులో పదకొండు మందికి మనిషి కావలసి వచ్చింది, మూడు భాషలు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే గంట గంట రాసి పెట్టండి. ఆయన లేకపోతే ఆ పదకొండు మంది ఎవరి లైన్లోకి వస్తారు? మీ లైన్లోకి. మీ మేనేజర్‌కి పెండింగ్ ఫైళ్లు గుర్తు చెయ్యండి, అప్పుడు పైవాళ్లకి అర్థమవుతుంది. మిషన్ కొన్నవాడికి ఆ మిషన్ ఎవరి చేతుల మీద నడుస్తోందో చెప్పడం తప్పు కాదు.

---

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ) · గురువారం, రాత్రి 10:05

ముందు ఆయన్ని అడిగారా, ఏమని రాయమంటావని?

---

రెండో_కౌంటర్ · శుక్రవారం, రాత్రి 7:30

ఇవాళ అడిగాను. నవ్వి, "మేడమ్, ముందు ఆ మిషన్ పక్కన ఒక స్టూలు వెయ్యమనండి, ముసలోళ్లు నిలబడలేకపోతున్నారు" అన్నాడు. స్టూలు వేయించాను, మా క్యాంటీన్‌లోదే. లెటర్ సోమవారం నుంచి రాసే లెక్క పూర్తయ్యాక వెళ్తుంది. పర్లాకిమిడి పెద్దాయన గారూ, సవరలో "కూర్చోండి" అని ఎలా అనాలో గార్డు నేర్పాడు, నేను అన్నది విని లైన్లో ఉన్న ఇద్దరు సవర ఆడవాళ్లు ఒకటే నవ్వు. ఏం తప్పు పలికానో ఇంకా చెప్పలేదు.